సముద్రం పక్కన స్థలం, సముద్రం అవతల కొన్నవాడు: రెరా అథారిటీకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రియల్ ఎస్టేట్ నియంత్రణ అథారిటీ (రెరా) చైర్‌పర్సన్ గారికి, సభ్యులకు,

నమస్కారం. నేను సోంపేట వైపు వాడిని. మెరైన్ ఇంజినీరుగా ఓడల్లో పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఊరు చేరాను. మా ఉద్దానంలో చాలా ఇళ్లలో ఒకరైనా సముద్రం మీదో, సముద్రం దాటిపోయో బతుకుతుంటారు. కొందరు ఓడల్లో పనిచేస్తారు. కొందరు గల్ఫ్ రిఫైనరీల్లో వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, రిగ్గర్లు. వాళ్లు పంపిన డబ్బుతో భోగాపురం నుంచి కళింగపట్నం మీదుగా బారువ దాకా తీరం వెంట వెలిసిన వెంచర్లలో స్థలాలు కొన్నారు, ఇంకా కొంటున్నారు. కొని చిక్కుకున్నవాళ్ల కోసం ఈ లేఖ రాస్తున్నాను. మీ ఫిర్యాదు ఫారంలో ఇదంతా చెప్పుకోవడానికి చోటు లేదు. పైగా ఇది ఒక్కరి ఫిర్యాదు కూడా కాదు.

విషయంలోకి వెళ్లే ముందు సైప్రస్ గురించి కొంచెం చెప్పాలి. మన విజయనగరానికీ ఆ ద్వీపానికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది కాబట్టే చెబుతున్నాను.

మధ్యధరా సముద్రంలోని ఆ ద్వీపంలో లిమసోల్ అనే రేవు నగరం ఓడల నిర్వహణ కంపెనీలకు పెద్ద కేంద్రం. నేను పనిచేసిన కంపెనీ కార్యాలయం కూడా అక్కడే ఉండేది. సైప్రస్ 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఆ రోజుల్లో బ్రిటన్ నుంచి పదవీ విరమణ చేసినవాళ్లు, ఏడాదికి నాలుగు వారాలైనా ఎండలో గడపాలనుకునేవాళ్లు అక్కడ ఇళ్లు కొనడానికి ఎగబడ్డారు. డెవలపర్లు విమాన ఛార్జీలో కొంత, హోటల్ ఖర్చు కొంత తామే భరించి వాళ్లను ‘ఇళ్లు చూసే యాత్ర’కు రప్పించేవారు. కారులో కొండలెక్కించి, సముద్రం చూపించి, సాయంత్రానికి సంతకం పెట్టించేవారు. న్యాయవాదిని కూడా చాలాసార్లు డెవలపరే చూపించేవాడు. అమ్మేవాడి వకీలే కొనేవాడికీ వకీలు అన్నమాట.

మోసమంతా భూమి కాగితంలో ఉంది. డెవలపర్ ఆ స్థలాన్ని ముందే బ్యాంకులో తనఖా పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. దాని మీద కట్టిన ఇంటిని పూర్తి ధరకు అమ్ముతాడు. కొన్నవాడు తన ఒప్పందాన్ని భూముల శాఖ కార్యాలయంలో దాఖలు చేసుకోవచ్చు. దాఖలు చేస్తే అదే ఇంటిని మరొకరికి అమ్మే వీలుండదు. అంతవరకు రక్షణ నిజమే. కానీ అంతకు ముందే నమోదైన తనఖా వరుసలో ఈ ఒప్పందం కంటే ముందు నిలబడుతుంది. డెవలపర్ అప్పు ఎగ్గొడితే, డబ్బంతా కట్టేసినవాడి ఇల్లు ఆ అప్పుకు పూచీ అవుతుంది. డెవలపర్ ప్రభుత్వానికి పన్ను బాకీ పడినా బదిలీ ఆగిపోతుంది. అనుమతి లేకుండా ఒక గదో ఈతకొలనో అదనంగా కట్టినా తుది ధ్రువపత్రం రాదు. ఆ పత్రం రాకపోతే ఇంటికి విడిగా టైటిల్, అంటే యాజమాన్య పత్రం, రాదు. పక్కింట్లో చేసిన తప్పుకు సముదాయం మొత్తం ఆగిపోయిన సందర్భాలున్నాయి. ఇలా పదేళ్లు, పదిహేనేళ్లు సొంత ఇంట్లో కాగితం లేకుండా బతికినవాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు.

నాతో పనిచేసిన ఒక బ్రిటిష్ కెప్టెన్ ఆ ద్వీపంలోనే పాఫోస్ దగ్గర ఇల్లు కొన్నాడు. మొత్తం సొమ్ము ఒకే దఫాలో కట్టాడు. ఓడలో లాగ్ పుస్తకంలో ఒక్క గీత తేడా వచ్చినా ఊరుకోని మనిషి ఆయన. భూముల కార్యాలయంలో ఆ స్థలం పేరిట ఏమి నమోదై ఉందో మాత్రం చూడలేదు. ఎందుకు చూడలేదని అడిగితే, అక్కడి కాగితాలన్నీ గ్రీకులో ఉంటాయి, వకీలు చూశానన్నాడు, నేనేమో సముద్రంలో ఉన్నాను అన్నాడు. ఈ మూడు కారణాలను గుర్తుంచుకోమని మనవి. ఇవే కారణాలు మళ్లీ వినిపిస్తాయి.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. చాలామందికి బ్యాంకులు స్విస్ ఫ్రాంకుల్లో గృహరుణాలు ఇచ్చాయి, వడ్డీ తక్కువని. ఫ్రాంకు విలువ పెరిగి, అసలు కడుతున్నకొద్దీ తగ్గవలసింది పోయి పెరుగుతూ వచ్చింది. 2013 మార్చిలో సైప్రస్ బ్యాంకులే కూలిపోయాయి. వెయ్యి కోట్ల యూరోల సాయం ఇచ్చిన రుణదాతలు పెట్టిన షరతుల్లో టైటిళ్ల పెండింగును తేల్చాలన్నది కూడా ఒకటి. 2015లో ‘చిక్కుకున్న కొనుగోలుదారుల’ కోసం ప్రత్యేక చట్టం చేశారు. డబ్బంతా కట్టినవాడికి తనఖాతో పని లేకుండా టైటిల్ బదిలీ చేసే అధికారాన్ని భూముల శాఖకు ఇచ్చారు. బ్యాంకులు దాని మీద కోర్టులకెక్కాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ద్వీపం ఉత్తర భాగంలో మరో రకం చిక్కు. 1974 యుద్ధంలో అక్కడి గ్రీకు సైప్రియట్లు ఇళ్లూ భూములూ వదిలి దక్షిణానికి పారిపోయారు. ఆ భూములను తర్వాత విదేశీయులకు అమ్మారు. లపిథోస్ అనే ఊళ్లో ఒక బ్రిటిష్ దంపతులు అలాంటి భూమిలో విల్లా కట్టుకున్నారు. అసలు యజమాని సైప్రస్ కోర్టులో కేసు వేసి గెలిచాడు. 2009 ఏప్రిల్‌లో యూరోపియన్ న్యాయస్థానం, సైప్రస్ కోర్టు తీర్పును బ్రిటన్‌లోనూ అమలు చేయాల్సిందేనంది. అంటే ద్వీపంలో విల్లా కొంటే, బ్రిటన్‌లో ఉన్న ఆస్తికి ముప్పు వచ్చింది. అమ్మినవాడికి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో అడగకపోతే జరిగేది ఇదే.

ఇక మన తీరానికి వస్తాను. భోగాపురం విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. ఒకటి 2019 ఫిబ్రవరిలో, మరొకటి 2023 మేలో. శంకుస్థాపన జరిగినప్పుడల్లా గజం ధర లేచింది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు పనులు మొదలయ్యాక శ్రీకాకుళం తీరానికీ అదే గాలి తగిలింది. సరుగుడు తోటలు, జీడితోటలు ఉన్నచోట సిమెంటు ఏనుగులున్న ఆర్చీలు లేచాయి. బ్రోచర్లలో గోవా, మాల్దీవులు, బాలి పేర్లు. ఒక బ్రోచర్‌లో మన బంగాళాఖాతం నీటికి నీలిరంగు పులిమి తెల్లటి పడవలు బొమ్మగా వేశారు. ముక్కాం, కోనాడ మత్స్యకారులు ఆ బొమ్మ చూస్తే తమ సముద్రమని పోల్చుకోలేరు.

ఈ స్థలాలు ఎవరికి అమ్ముతున్నారో గమనించండి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర దుకాణం నడిపే వ్యాపారి ఊరికే సంతకం పెట్టడు. సాయంత్రానికి ఇద్దరు తెలిసినవాళ్లను అడుగుతాడు, మర్నాడు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి మనిషిని పంపుతాడు. ఖతార్‌లో, కువైట్‌లో, అబుధాబి లేబర్ క్యాంపులో ఉన్నవాడు అలా చేయలేడు. ఏడాదికో రెండేళ్లకో నెల రోజుల సెలవు. అందులో పెళ్లిళ్లు, ఆసుపత్రులు, ఇంటి మరమ్మతులు. అందుకే ఈ వెంచర్ల వాళ్లు సంక్రాంతికి వారం ముందు గుడారాలు వేస్తారు, వ్యాన్లు పెడతారు, భోజనం పెడతారు. సైప్రస్ డెవలపర్లు ఎండ కోసం వచ్చినవాళ్లకు అమ్మారు. మనవాళ్లు పండగ కోసం వచ్చినవాళ్లకు అమ్ముతున్నారు. ఇద్దరూ అమ్ముకుంటున్నది కొనేవాడి దూరాన్ని. కొన్నవాడు అక్కడ లేడన్నదే ఈ వ్యాపారానికి పెట్టుబడి. మా గల్ఫ్ కుర్రాళ్లు పుట్టిన జిల్లాలోనే విదేశీ కొనుగోలుదారులైపోయారు. మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ నిబంధనల్లో ఎక్కడా ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మా మేనల్లుడి సంగతి చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. ఖతార్‌లో వెల్డింగ్ ఫోర్‌మన్. పూసపాటిరేగ వైపు ఒక వెంచర్‌లో రెండు ప్లాట్లు తీసుకున్నాడు, ఒకటి తనకు, ఒకటి చెల్లెలి పెళ్లికి. ఏజెంటు బయటివాడు కాదు, వరసకు బావ. “బావా, నీకు చెడ్డ స్థలం చూపిస్తానా? ఉగాది దాటితే గజానికి రెండు వేలు పెరుగుతుంది” అన్నాడు. మా అక్కతో, “అత్తా, మీరు సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను” అన్నాడు. అత్త అల్లుడి మాట కాదనలేదు. మన దగ్గర వ్యాపారం బంధుత్వం భుజం మీద చెయ్యేసుకునే వస్తుంది. అందుకే తర్వాత పోలీసు స్టేషన్‌కు వెళ్లడానికి కాళ్లు రావు.

ఆ బుకింగ్ రసీదు నా బల్ల మీద ఉంది. లేత గులాబీ రంగు కాగితం, పైన కంపెనీ గుర్తు, దాని కింద స్పష్టంగా రెరా నంబరు. కుడివైపు మూలన బాల్‌పెన్నుతో ‘ఫేజ్ 2’ అని రాసి గుండ్రం చుట్టారు. ఆ నంబరుతో మీ వెబ్‌సైటులో వెతికితే వచ్చిన లేఅవుట్ ప్లానులో మావాడి ప్లాటు నంబర్లు లేవు. అది మొదటి దశ నంబరు. రెండో దశకు రిజిస్ట్రేషన్ లేదు. దశలవారీగా చేపట్టే ప్రాజెక్టులో ప్రతి దశనూ విడి ప్రాజెక్టుగా చూసి, విడిగా రిజిస్టరు చేయాలని రెరా చట్టం 3వ సెక్షనే చెబుతోంది. ఏజెంటు చేతిలోని రబ్బరు ముద్రకు ఆ సెక్షన్ తెలియదు పాపం.

ధరలో మూడొంతుల పైన వసూలు చేశారు. అగ్రిమెంటు రిజిస్టరు కాలేదు. పదిశాతానికి మించి తీసుకోవాలంటే ముందు విక్రయ ఒప్పందం రాసి రిజిస్టరు చేయాలని 13వ సెక్షన్ అంటోంది. అడిగినప్పుడల్లా “ఆషాఢం పోనివ్వండి”, “మంచి ముహూర్తం లేదు”, “సర్వర్ పనిచేయడం లేదు” అన్నారు. ఒక రోజు మా అక్క కొడుకు స్నేహితుడు అటు వెళ్తూ ఆర్చీ స్తంభానికి అతికించిన కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. సిమెంటు ఏనుగు తొండం పక్కనే, బ్యాంకు స్వాధీన నోటీసు. మొత్తం సర్వే నంబర్లన్నీ అందులో ఉన్నాయి.

ఏజెంటు ఈసీ (భూమి మీద నమోదైన లావాదేవీల పత్రం) తెచ్చి చూపించాడు. “చూడండి మావయ్యా, ఎక్కడా తనఖా లేదు.” నిజంగానే లేదు. దస్తావేజులను బ్యాంకు చేతిలో పెట్టి అప్పు తీసుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని రిజిస్టరు చేయించకపోతే ఈసీలో కనపడదు. మన జనానికి మాత్రం ఈసీ అంటే దేవుడి మాట. ఈసీ శుభ్రంగా ఉంటే భూమి శుభ్రంగా ఉందనుకుంటారు. ఇలాంటి తనఖాల కోసమే 2011 నుంచి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ నడుస్తోంది. కొద్ది రుసుము కట్టి ఎవరైనా అందులో వెతకవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో ఎంతమంది డాక్యుమెంట్ రైటర్లు కొనేవాడికి ఆ పేరు చెబుతారో కనుక్కోండి. ఇంకో మాట. అప్పిచ్చిన బ్యాంకు అధికారి భూమిని చూడటానికి వచ్చే ఉంటాడు కదా. ఆర్చీ, ప్లాటు రాళ్లు, అమ్మకానికి పిలిచే బోర్డులు ఆయనకు కనిపించే ఉంటాయి. అప్పటికే సగం ప్లాట్లు అమ్ముడుపోయాయేమో అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఈ విషయంలో డెవలపర్ మీద ఎంత కోపముందో బ్యాంకు మీదా అంతే ఉంది నాకు.

కాగితాల గొడవ ఇక్కడితో ఆగదు. ఇంకొందరు లేఅవుట్ అనుమతి కూడా లేకుండా ‘ఫార్మ్ ప్లాట్లు’ అమ్ముతున్నారు. ఐదు సెంట్లు, పది సెంట్లు, నాలుగు మామిడి మొక్కలు, ఒక చందనం మొక్క. ప్రవాస భారతీయుడు ఇల్లు కొనవచ్చు, ఇంటి స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫార్మ్‌హౌస్ మాత్రం కొనకూడదు. విదేశీ మారక నిర్వహణ చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు. అందుకే “మీ అమ్మగారి పేరు మీద పెట్టేద్దాం” అంటాడు. కొడుకు డబ్బు, తల్లి ఒక్కరి పేరు. బినామీ చట్టంలో భార్యకో పిల్లలకో ఇచ్చిన మినహాయింపు తల్లికి అలాగే వర్తించదు. తల్లి పేరుతో పాటు కొడుకు పేరు కూడా ఉమ్మడి యజమానిగా పత్రంలో ఉండాలి. అలా పెడితే మళ్లీ మొదటి చట్టం అడ్డొస్తుంది. ఎడారిలో ఎండకు మాడి సంపాదించిన డబ్బును రెండు చట్టాల మధ్య ఇరికించే ఈ సలహాను ఉచితంగా ఇస్తున్నారు.

సముద్రపు ఒడ్డున ఉన్న భూమికి మరో రెండు జబ్బులుంటాయి. ఒకటి డి పట్టా. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని బదిలీ చేయడాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, 22ఎ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా, చూడకుండా తీరప్రాంతంలో అడుగు వేయకూడదు. రెండోది తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు. పోటు రేఖ నుంచి ఇన్ని మీటర్ల లోపల కట్టకూడదన్న నియమాన్ని ఎవరూ పట్టించుకోరు అనుకునేవాళ్లు కొచ్చి దగ్గరి మరడును గుర్తుచేసుకోవాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరి 11, 12 తేదీల్లో అక్కడ నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. ఆ ఫ్లాట్లు కొన్నవాళ్లు అనుమతులు ఇచ్చిన పంచాయతీని నమ్మారు. మధ్యంతర పరిహారంగా ఒక్కొక్కరికి 25 లక్షలు ఇప్పించారు కానీ, ఇల్లు ఇల్లే. మన ‘సీ ఫేసింగ్’ ప్లాట్లలో ఎన్ని ఆ రేఖకు అవతల ఉన్నాయో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది? అతను చూసిందల్లా డ్రోన్ వీడియో. డ్రోన్‌కు పోటు రేఖ కనపడదు.

మన చట్టం చేతగానిది అయితే నేను ఈ లేఖ రాసేవాడిని కాదు. సైప్రస్‌లో ఇళ్లు చిక్కుకున్నాక చట్టం వచ్చింది. మనకు 2016లోనే వచ్చింది, చిక్కుముడిని ముందే ఊహించి. ఒప్పందం కుదిరాక డెవలపర్ ఆ ప్లాటును తనఖా పెట్టకూడదు, పెట్టినా కొన్నవాడి హక్కుకు భంగం కలగదు అని 11వ సెక్షన్ అంటోంది. వసూలైన సొమ్ములో 70 శాతాన్ని విడి ఖాతాలో ఉంచాలి. భూమి మీద ఏ భారం ఉన్నా ముందే మీకు ప్రకటించాలి. గడువుకు అప్పగించకపోతే వడ్డీతో సహా సొమ్ము వెనక్కి అడిగే హక్కు షరతులు లేనిదని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు వేలానికీ రెరాకూ పోటీ వస్తే రెరాదే పైచేయి అన్న రాజస్థాన్ హైకోర్టు తీర్పులో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో జోక్యం చేసుకోలేదు. పాఫోస్ దగ్గర ఇల్లు కొన్న మా కెప్టెన్‌కు ఇవన్నీ చదివి వినిపిస్తే, “మీరు అదృష్టవంతులు” అని ఉండేవాడు. అదృష్టం కాగితం మీద ఉంది.

దుబాయ్ సంగతి కూడా ఒక్క మాట. మావాళ్లకు బాగా తెలిసిన ఊరు. 2007లో అక్కడ ఎస్క్రో ఖాతాల (కొనేవాళ్ల సొమ్మును విడిగా ఉంచే ఖాతాల) చట్టం తెచ్చారు. 2008లో తాత్కాలిక రిజిస్టరు పెట్టి, కట్టుబడిలో ఉన్న ఆస్తి అమ్మకాన్ని అందులో నమోదు చేయకపోతే ఆ అమ్మకమే చెల్లదన్నారు. కొనేవాళ్లలో అత్యధికులు విదేశీయులే అని వాళ్లకు తెలుసు, ఆ లెక్కతోనే నియమం రాసుకున్నారు. కొనేవాడు ఊళ్లో ఉండడన్న సంగతిని వాళ్లు దాచుకోలేదు. మనం దాచుకుంటున్నాం.

ఇక నేను అడగదలచుకున్నవి. తీరమండలాల్లో, అంటే భోగాపురం, పూసపాటిరేగ మొదలుకొని గార, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి దాకా, ప్రతి వెంచర్ ద్వారం దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. రెరా నంబరు, ఆ నంబరు ఏ సర్వే నంబర్లకు, ఏ ప్లాట్లకు వర్తిస్తుంది, ఆ భూమి ఏ బ్యాంకుకైనా తనఖాలో ఉందా, ఉంటే ఎంతకు. రంగుల బోర్డు కాదు, నల్లటి అక్షరాల బోర్డు. దాని నకలు మీ వెబ్‌సైటులో పెట్టండి, దోహాలో ఉన్నవాడు ఫోనులో చూసుకుంటాడు. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ ఇచ్చే ముందు సెర్సాయ్‌లో మీరే వెతకండి. డెవలపర్ ప్రమాణపత్రంతో సరిపెట్టుకోవద్దు. తనఖా లేదని ప్రమాణం చేసి సంతకం పెట్టినవాడే బ్యాంకు దగ్గర తనఖా పత్రం మీదా సంతకం పెట్టాడు.

ఏజెంట్ల విషయం ఇంకా ముఖ్యం. 9వ సెక్షన్ ప్రకారం ఏజెంటు మీ దగ్గర నమోదు కావాలి. మా ఊళ్లలో స్థలాలు అమ్మేవాళ్లలో మెకానిక్కులు, ఎల్ఐసీ ఏజెంట్లు, పంతుళ్లు ఉన్నారు. వాళ్లందరినీ జైల్లో పెట్టమనడం లేదు, వాళ్లలో సగం మంది తాము కూడా కొని మునిగినవాళ్లే. నమోదు లేని ఏజెంటు ద్వారా అమ్మితే జరిమానా డెవలపర్ మీద వేయండి. రెండు కేసుల్లో వేసి చూపిస్తే మూడో కంపెనీ వరసకు బావలను వెతుక్కోదు.

విచారణల గురించి. ఇచ్ఛాపురం నుంచి విజయవాడకు వచ్చి పోవడమంటే రెండు రాత్రుల రైలు ప్రయాణం. దోహా నుంచి రావడమంటే సెలవు, టిక్కెట్టు, జీతం కోత. అవతలి పక్షం వకీలు ఒక వాయిదా అడిగితే ఆ కుర్రాడి ఏడాది సెలవు గల్లంతవుతుంది. విదేశాల్లో ఉన్న ఫిర్యాదుదారు కోరితే వీడియో ద్వారా వినడం అతని హక్కుగా రాసిపెట్టండి. వాయిదాకు గట్టి కారణం అడగండి, ఖర్చులు వేయండి. అక్కడి నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీ సంగతి కూడా స్పష్టం చేయండి. భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పత్రానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. ఆ చిన్న నియమం తెలియక చెల్లని కాగితం పట్టుకుని తిరుగుతున్న తండ్రులను నేను చూశాను. ఈ ఒక్క విషయం మీద ఒక పేజీ తెలుగు కరపత్రం వేయించినా చాలామంది ముసలివాళ్లకు తిప్పలు తప్పుతాయి.

చివరిది వసూళ్ల సంగతి. మీరు సొమ్ము వెనక్కివ్వమని ఆదేశం ఇచ్చినా డెవలపర్ ఇవ్వకపోతే, దాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలని 40వ సెక్షన్ అంటోంది. ఆ పని మళ్లీ రెవెన్యూ శాఖకు వెళ్తుంది. తహసీల్దారుకు ఎన్నికల పని, రేషన్ పని, రీసర్వే పని ఉన్నాయి. ఆదేశం అట్టడుగున పడిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలా మీరు పంపిన వసూలు ఆదేశాల్లో ఎన్ని అమలయ్యాయో, ఎన్ని పెండింగులో ఉన్నాయో జిల్లా వారీగా, కంపెనీ పేరుతో ప్రకటించండి. ఈ లేఖ నకలును ఇద్దరు కలెక్టర్లకూ పంపుతున్నాను. ఆ జాబితా బయటకొస్తే కొత్తగా కొనేవాడు ఈసీ కంటే ముందు దాన్నే చూస్తాడు.

మంచి డెవలపర్లు లేరని నేను అనను. చీపురుపల్లి వైపు ఒకాయన ప్లాటు అమ్మే ముందు బ్యాంకు విడుదల పత్రం చేతిలో పెట్టి, “మీ వకీలుకు చూపించుకుని రండి” అన్నాడు. ఆయన ఆర్చీ కూడా కట్టలేదు. ఆయన స్థలాలు నెమ్మదిగా అమ్ముడవుతున్నాయి. మీరు బోర్డులు పెట్టిస్తే ఆయనకు పోయేదేమీ లేదు.

మా మేనల్లుడి ఫిర్యాదు విడిగా ఫారంలో దాఖలు చేస్తున్నాం. రసీదు, బ్యాంకు నోటీసు ఫోటో, ఈసీ, సెర్సాయ్‌లో వెతికిన కాగితం జతపరిచాం. అదే వెంచర్‌లో కొన్న మరికొందరు దోహా, మస్కట్, సింగపూర్‌లలో ఉన్నారు. వాళ్ల సంతకాలు వాట్సాప్‌లో వచ్చాయి, అసలు కాగితాలు పోస్టులో వస్తున్నాయి. వచ్చే సంక్రాంతికి మళ్లీ గుడారాలు వేస్తారు. బోర్డుల ఆదేశం ఆలోపే ఇవ్వగలరా అని అడుగుతున్నాను. ఇవ్వలేమంటే అదైనా రాతపూర్వకంగా చెప్పండి. ఈసారి వ్యాన్లు వచ్చినప్పుడు మీ జవాబును సోంపేట బస్టాండు గోడ మీద మేమే అతికిస్తాం.

ఇట్లు,
సోంపేట మండలం నుంచి ఒక విశ్రాంత మెరైన్ ఇంజినీరు